అద్దమా? చిత్తరువా?

సుమ్మాదేవి స్టేషనులో చీకటి పడిన తరువాత బండి దిగి, జీడితోటల నడుమ కాలిబాటన ఇల్లు చేరుకొనే మనిషికి భయమంటే ఏమిటో వేరొకరు చెప్పవలసిన పని లేదు. హౌరా–చెన్నై మార్గంలో పలాసకు, మందసరోడ్డుకు నడుమ ఉన్న చిన్న స్టేషను అది. పెద్దబండ్లు దానిని చూడనట్లే దాటిపోతవి. బండి వెలుతురు కనుమరుగైన మరుక్షణంలో దారిప్రక్కన ఉన్న మోడు కదిలినట్లు తోస్తుంది. మోడా, మనిషా? అడుగు ముందుకు పడదు, వెనుకకూ పడదు. తార్కికులు సంశయానికి ఉదాహరణగా స్థాణుపురుషన్యాయాన్ని ఎన్నుకొన్నప్పుడు వారి మనస్సులో ఇటువంటి దారి ఏదో ఉండియే ఉంటుంది. మోడు మోడేనని తేలిన తరువాత భయం లేదు. మనిషేనని తేలితే పలకరించవచ్చు, పరుగెత్తవచ్చు. రెండింటికీ నడుమ నిలిచిన ఆ క్షణమే అసలైన భయం.

ఆ ఒక్క క్షణాన్ని పట్టుకొని, దానిని రెండు గంటలపాటు సాగదీసి చూపించిన సినిమాలు ప్రపంచంలో ఒక దేశంనుండి విరివిగా వెలువడినవి. ఆ దేశం ఇటలీ. 1960 మొదలు 1980 దాకా ఉన్న ఇరవై యేండ్లు వాటికి మంచికాలం. తెలుగునాట ఇటలీ సినిమా అనగానే చదువుకొన్నవారు డిసికా 'సైకిలు దొంగలు' పేరు చెపుతారు, ఫెల్లినీ పేరు చెపుతారు. మారియో బావా, దారియో అర్జెంటో, లూచో ఫుల్చీల పేర్లు చెప్పేవారు అరుదు. చెప్పినా కొంచెం సిగ్గుపడుతూ చెపుతారు. (బావా అనే పేరు తెలుగు చెవికి నవ్వు తెప్పించటం ఒకటి, ఆయన చిత్రాలు చూచినవారు మాత్రం నవ్వరు.) ఈ సిగ్గు కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివు నవలలను దిండుక్రింద దాచుకొని చదివిన తరమే, సభలలో వాటి ఊసెత్తకుండా కావ్యచర్చలు చేసినది. యుగంధర్, రాజు అనే పేర్లు తెలియని ఇల్లు ఆనాడు లేకపోయినా సాహిత్యచరిత్రలలో వారికి గది దొరకలేదు. రాత్రంతా మేలుకొలిపిన పుస్తకానికి పగలు గౌరవం ఇవ్వకపోవటం ఒక విధమైన కృతఘ్నత.

కొమ్మూరి నవలలకూ ఈ చిత్రాలకూ చుట్టరికం ఊహామాత్రం కాదు. 1929లో ఇటలీలో మొండడోరి అనే ప్రచురణసంస్థ పసుపుపచ్చని అట్టలతో అపరాధపరిశోధక నవలల వరుసను మొదలుపెట్టినది. ఆ అట్టల రంగువలన ఆ దేశంలో 'జాల్లో' అన్న మాటకు, అనగా పసుపుపచ్చ అన్న మాటకు, హత్యారహస్యకథ అనే అర్థం స్థిరపడినది. ముస్సోలినీ పాలనలో 1941 నాటికి ఆ వరుస ఆగిపోవలసి వచ్చినది. యుద్ధం ముగిసిన తరువాత మళ్ళీ తలయెత్తినది. నవలలనుండి ఆ పేరు సినిమాలకు ప్రాకినది. తెలుగువారికి పసుపు మంగళద్రవ్యం. గడపకు పూస్తారు, తాళికి పూస్తారు. అక్కడ ఆ రంగే హత్యకు గుర్తు. అయినప్పటికీ భరతముని మాట తలచుకొంటే ఈ పొత్తు అంత విడ్డూరంగా తోచదు. నాట్యశాస్త్రంలో ప్రతిరసానికి ఒక రంగు చెప్పబడినది. భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, రౌద్రానికి ఎరుపు. పసుపుపచ్చ దేనికి? అద్భుతానికి. ఇటలీవారు తమకు తెలియకుండానే తమ హత్యాకథలకు అద్భుతరసం రంగు పూసికొన్నారు. వారి మేలైన చిత్రాలు చూచినకొద్దీ ఆ రంగే తగినదని నమ్మకం కుదురుతుంది.

భరతుడు మరొక మాట కూడ చెప్పినాడు. బీభత్సంనుండి భయానకం పుడుతుందని. ఈ చిత్రాల తారతమ్యం కొలవడానికి ఇంతకంటె మంచి కొలబద్ద దొరకదు. చవుకరకం చిత్రం బీభత్సం దగ్గరే ఆగిపోతుంది. నెత్తురు కనిపిస్తుంది, ప్రేక్షకుడు మొగం త్రిప్పుకొంటాడు, అంతటితో సరి. మంచి చిత్రం అక్కడినుండి భయానకానికి సాగుతుంది. నెత్తురు కడిగిన తరువాత కూడ ఆ గదిలోకి పోవడానికి కాళ్ళు రావు. ఉత్తమమైనది ఇంకొక మెట్టు ఎక్కి అద్భుతానికి చేరుతుంది: తానేమి చూచినాడో, ఏమి చూడలేకపోయినాడో తెలిసికొని ప్రేక్షకుడు తన కన్నును చూచి తానే ఆశ్చర్యపోతాడు. తెలుగులో తిక్కన సౌప్తికపర్వాన్ని చదివినవారికి మొదటి రెండు మెట్లు పరిచితమే. నిద్రించే శిబిరంలో అశ్వత్థామ చేసిన రాత్రిహత్యలకు, అంతకుముందు మర్రిచెట్టుమీద నిద్రిస్తున్న కాకులను గుడ్లగూబ చంపటం ఉపదేశమైనది. చెట్టుమీది ఆ నిశ్శబ్దహింస తరువాత జరిగే దానికన్న ఎక్కువ భయం కలిగిస్తుంది. మూడవ మెట్టుకు కావలసిన నేర్పు పింగళి సూరన వద్ద ఉన్నది. కథను తలక్రిందుగా అల్లి, మొదటనే కనబడిన దాని అర్థం చివర తెలిసేటట్లు చేయటం 'కళాపూర్ణోదయం' రహస్యం. కాబట్టి ఈ విద్య తెలుగువారికి పరాయిది అనుకొనటం పొరపాటు.

బావా ముందు ఛాయాగ్రాహకుడు. ఆయన తండ్రిది కూడ ఆ వృత్తియే. 1957లో రికార్డో ఫ్రెడా 'ఇ వంపీరి' అనే చిత్రం తీస్తూ నడుమ వదలిపెట్టగా బావా దానిని పూర్తిచేసినాడు. మాటలు వచ్చిన తరువాత ఇటలీలో వచ్చిన మొదటి భయానకచిత్రంగా దానిని ఎన్నుతారు. అందులో ఒక పడుచు, చూస్తూ ఉండగానే, ఎక్కడా కత్తిరింపు లేకుండా ముసలిది అవుతుంది. కిటుకు చాలా చిన్నది. నటి ముఖంమీద ముడతలను ఒక రంగుతో దిద్ది, అదే రంగు వెలుతురు పడేటట్లు చేస్తే నలుపుతెలుపు చిత్రంలో అవి కనబడవు. వెలుతురు రంగు మార్చగానే ముడతలన్నీ పైకి తేలుతవి. ముడతలు మొదటినుండీ ఆ ముఖంమీదనే ఉన్నవి. చూపించని వెలుతురు పోయి చూపించే వెలుతురు వచ్చినది. ఇటలీ చిత్రాల తత్త్వమంతా ఈ చిన్న కిటుకులో ఇమిడి ఉన్నదనవచ్చును.

1960లో ఆయన స్వయంగా దర్శకత్వం వహించిన 'లా మాస్కెరా దెల్ దెమోనియో' గొగోల్ కథ ఆధారంగా తీసినది. 1963లో వచ్చిన 'ఎక్కువ తెలిసిన పిల్ల' మొదటి జాల్లో చిత్రమని ప్రతీతి. మరుసటి యేట ఆడవారి దుస్తులు తయారుచేసే ఒక సంస్థలో జరిగే హత్యలతో 'సెయి దొన్నె పెర్ లస్సస్సీనో' తీసినాడు. హంతకునికి ముఖమే లేదు, తెల్లగుడ్డ తప్ప. కెమేరాను జరపడానికి సరియైన బండి లేక పిల్లలు ఆడుకొనే బండిమీద పెట్టి లాగించినాడని చెపుతారు. చేతిలో డబ్బు లేనప్పుడు కల్పన ఏ విధంగా పదునెక్కుతుందో విఠలాచార్య చిత్రాలు చూచిన తెలుగువారికి కొత్తగా బోధించనక్కరలేదు. పొయ్యిలో కట్టెలకు బదులు కాలు పెట్టి వంట చేసే దయ్యాన్ని టూరింగు టాకీసులో చూచి ఏకకాలంలో జడిసిన, నవ్విన పల్లెజనానికి భయానకహాస్యాల పొత్తు కూడ తెలిసినదే. అయితే విఠలాచార్య దయ్యం ఎదుటికి వచ్చి నిలుచుంటుంది. బావా దయ్యం ఎదుట ఉన్నదో లేదో తెలియదు. 1966 నాటి ఒక చిత్రంలో మెలిస్సా అనే చిన్నపిల్ల దయ్యమై ఒక పల్లెను పీడిస్తుంది. ఆ పిల్ల చేసేది ఏమీ లేదు. కిటికీలోనుండి చూస్తుంది, ఒక తెల్లని బంతి మెట్లమీదుగా ఎగురుతూ దిగి వస్తుంది. అంతే. ఆ పిల్ల వేషం వేసినది ఒక మగపిల్లవాడని తెలిసిన తరువాత ఆ ముఖంలో ఉన్న పొందని తనమేదో బోధపడుతుంది.

అర్జెంటో బావాకంటె చిన్నవాడు, చదువరి, పత్రికలలో సినిమా విమర్శ వ్రాసినవాడు. సెర్జియో లియోనె తీసిన పడమటి కథాచిత్రానికి కథ కూర్చిన ముగ్గురిలో ఒకడు. 1970లో ఆయన మొదటి చిత్రం వచ్చినది. దాని పేరును తెలుగు చేస్తే 'స్ఫటికపు ఈకల పిట్ట' అవుతుంది. రోమునగరంలో ఒక అమెరికన్ రచయిత రాత్రి నడిచి పోతూ, చిత్రశాల గాజుతలుపుల వెనుక నల్లకోటు తొడిగిన వ్యక్తికీ, తెల్లదుస్తుల స్త్రీకీ పెనుగులాట చూస్తాడు. ఆమె కత్తిపోటు తిని పడిపోతుంది. సాయపడబోయిన రచయిత రెండు గాజుతలుపుల నడుమ చిక్కుకొంటాడు: లోపలికి పోలేడు, వెలుపలికి రాలేడు, అతని కేక ఎవరికీ వినబడదు. చూడటం ఒక్కటే చేయగలడు. సినిమా ప్రేక్షకుని స్థితికి ఇంతకన్న చక్కని ఉపమానం ఏ దర్శకుడూ కల్పించలేదు. తాను చూచినదానిలో ఏదో పొసగలేదని ఆ రచయితను చిత్రమంతా ఒక వెలితి వేధిస్తుంది. రహస్యం బయటపెట్టటం మర్యాద కాదంటారు; కాని రహస్యం తెలిసిన తరువాత చూడదగని చిత్రం, తెలియకముందూ చూడదగినది కాదు. ఆ పెనుగులాటలో కత్తి ఉన్నది ఆ స్త్రీ చేతిలోనే. కన్ను సరిగానే చూచినది. నల్లకోటు అనగానే హంతకుడు, తెల్లదుస్తులు అనగానే అబల అని తీర్పు చెప్పినది మనస్సు.

ఈ చిత్రంలో ముడి విప్పేది ఒక పక్షికూత. హంతకుడు మాట్లాడిన ఫోనుసంభాషణ రికార్డులో ఎక్కడిదో వింతపిట్ట అరుపు వినబడుతుంది. ఆ పిట్ట ఉన్న చోటును వెదకుతూ పోతే హంతకుని ఇల్లు దొరుకుతుంది. పదునైదేండ్ల తరువాత తెలుగులో వచ్చిన మేలైన రహస్యచిత్రంలో కూడ పక్షికూతే మూలం కావటం విశేషం. 1985లో వంశీ తీసిన 'అన్వేషణ'లో భానుప్రియ ధరించిన హేమ పక్షుల కూతలకూ సంగీతానికీ ఉన్న సంబంధం పరిశోధించడానికి అడవికి వస్తుంది. అడవిలో చావులు జరుగుతున్నవి. పులి చంపుతున్నదని అందరి నమ్మకం. తలకోన అడవులలో తీసిన ఆ చిత్రాన్ని చూచినవారికి ఇళయరాజా సంగీతం, ఆకులమధ్య పరుగెత్తే కెమేరా ఎన్నాళ్ళకూ మరుపునకు రావు. ఎవరు ఎవరిని అనుకరించినారన్న ప్రశ్న ఇక్కడ అప్రస్తుతం. కంటికి పూర్తిగా అధికారం ఇవ్వక, చెవిని కూడ సాక్షిగా పిలిచినారు ఇద్దరూ. పులి అనే సమాధానం అందరికీ అనుకూలమైనది. అనుకూలమైన సమాధానాన్ని కాదని మనిషికోసం వెదకినది గనుకనే ఆ చిత్రానికి 'అన్వేషణ' అన్న పేరు తగినది. తెలుగులో ఆ త్రోవ తరువాత అంతగా నలగలేదు. 1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి'లో కెమేరానే దయ్యంగా నడిపి జడిపించినాడు. పనితనంలో లోపం లేదు. కాని అప్పటినుండి తెలుగు భయానకచిత్రం 'ఎవరు?' అని అడగటం మాని, 'ఏ దయ్యం?' అని అడగటం నేర్చినది.

అర్జెంటో చిత్రాలలో తలమానికం 1975 నాటి 'ప్రొఫోండో రోస్సో'. ముదురెరుపు అని దాని అర్థం. మార్క్ అనే పియానోవాదకుడు రాత్రివేళ వీధిలోనుండి పైకి చూడగా కిటికీలో ఒక స్త్రీ హత్య జరుగుతున్నది. మేడమీదికి పరుగెత్తుతాడు. గోడలనిండా చిత్తరువులు వ్రేలాడే పొడవైన నడవ దాటిపోతాడు. తరువాత పోలీసులతో వచ్చినప్పుడు నడవలో ఒక చిత్తరువు తక్కువైనట్లు తోస్తుంది. ఏది పోయినది? ఎవరు తీసినారు? ఏమీ పోలేదని చిత్రం చివర తెలుస్తుంది. అతడు చిత్తరువు అనుకొన్నది అద్దం. అందులో కనబడిన బొమ్మ, గోడకు అంటుకొని నిలుచున్న హంతకురాలి ముఖం. దర్శకుని సాహసం ఇక్కడ ఉన్నది: మార్క్ పరుగెత్తిన ఆ రెప్పపాటులో ఆ ముఖాన్ని ప్రేక్షకునికి కూడ నిజంగానే చూపించినాడు. దాచలేదు, మోసం చేయలేదు. వేలకొలది జనం చూచినారు, చూచి ఎరుగనివారైనారు. ఆ ముసలిపాత్ర ధరించిన క్లారా కాలమాయి, 1943లో విస్కోంతి తీసిన 'ఒస్సెస్సియోనె'కు కథానాయిక. ఒకనాడు ఇటలీ అంతా తేరిపార చూచిన ముఖాన్నే ఎవరూ గుర్తుపట్టకుండా అద్దంలో నిలబెట్టటంలో ఎంత కొంటెతనం! తాడును చూచి పామనుకొనటం వేదాంతుల ఉదాహరణ. ఇక్కడ పామునే చూచి, గోడకు వ్రేలాడే తాడనుకొని దాటిపోవటం. వేదాంతుల భ్రాంతికంటె ఇది ప్రమాదకరం.

1977లో వచ్చిన 'సుస్పీరియా'ను చాలమంది ఆయన ఉత్తమకృతి అంటారు. నాట్యపాఠశాల, మంత్రగత్తెలు, గోడలనుండి కారుతున్నట్లుండే ఎరుపు నీలాలు, గోబ్లిన్ బృందం గుసగుసల సంగీతం – చూచి తీరవలసినదే. పాతపద్ధతి టెక్నికలర్ అద్దకంతో ప్రతులు తీయించటంవలన ఆ రంగులకు అంత చిక్కదనం వచ్చినది. అయినా అది రంగులకల. 'ప్రొఫోండో రోస్సో' మేలుకొన్న కన్ను. తూకం వేయవలసి వస్తే మొగ్గు రెండవదానివైపే.

లోపాలు లేవని కాదు, నిండా ఉన్నవి. కథ నడపటం వీరికి రాదు. ఒక హత్యకూ మరొక హత్యకూ నడుమ పాత్రలు దారితప్పిన మేకలవలె తిరుగుతారు. ఇటలీలో ఆనాడు మాటలను చిత్రీకరణ సమయంలో రికార్డు చేసే అలవాటు లేదు. ఒకే దృశ్యంలో ఒకరు ఇంగ్లీషు, ఒకరు ఇటాలియను మాట్లాడుకొంటూ నటించేవారు. తరువాత గొంతులు అతికేవారు. అతుకు కనబడుతూనే ఉంటుంది. డబ్బింగు చిత్రాల మధ్య పెరిగిన తెలుగు ప్రేక్షకునికి ఇది పెద్ద అడ్డంకి కాదు గాని, హాస్యాస్పదమైన ఘట్టాలు లేకపోలేదు. వీటన్నిటికంటె పెద్ద లోపం స్త్రీలను చంపే తీరు. అందమైన ఆడది తెరమీదికి వస్తే ఆమెకు మృత్యువు ఆసన్నమైనదని గ్రహించవచ్చు. కెమేరా ఆ చావుపై తీరికగా నిలుస్తుంది. నల్లతొడుగులు ధరించిన హంతకుని చేతులు తెరమీద కనబడినప్పుడు అవి తరచుగా అర్జెంటో చేతులే. ఇది చమత్కారమని కొందరు మెచ్చుకొంటారు. నేరం ఒప్పుకోలు కూడ కావచ్చును. ఈ లోపాన్ని కప్పిపుచ్చి పొగడేవారు ఈ చిత్రాలకు మేలు చేయటం లేదు.

ఇంతవరకు చెప్పినవి నగరపు కథలు. గాజుతలుపులు, పియానోలు ఉద్దానంవారికి దూరం. లూచో ఫుల్చి 1972లో తీసిన 'బాతుపిల్లను హింసించకు' అనే చిత్రం మాత్రం సుమ్మాదేవి పరిసరాలలో జరిగినదని చెప్పినా నమ్మవచ్చు. దక్షిణ ఇటలీలో బీదపల్లె. దాని తలమీదుగా కొండలను కలుపుతూ కొత్త రహదారి వంతెన. పలాసప్రక్కన జాతీయరహదారివలె బండ్లు ఆగకుండా పోతూ ఉంటవి. పల్లెలో పిల్లలు ఒకరి తరువాత ఒకరు హత్యకు గురి అవుతున్నారు. మచియారా అనే స్త్రీ మంత్రగత్తె అని ఊరికి అనుమానం. ఆమె బొమ్మలు చేసి సూదులు గ్రుచ్చిన మాట నిజం. పోలీసులు పట్టుకోగా పిల్లలను తానే చంపినానని ఒప్పుకొంటుంది కూడ: తన మంత్రం ఫలించినదని ఆమె నమ్మకం! హత్య జరిగిన వేళ ఆమె ఎక్కడో దూరాన ఉన్నట్లు ఒక పోలీసు చూచినాడు గనుక వదలిపెడతారు. న్యాయం ప్రకారం కథ అక్కడితో తీరవలసినది. ఊరు తీరనీయదు. శ్మశానంలో ఆమెను చుట్టుముట్టి గొలుసులతో కొడతారు. ప్రక్కన రేడియోలో ప్రేమగీతం వస్తూ ఉంటుంది. ఒళ్ళంతా చీలిన ఆ స్త్రీ కొండ ప్రాకి రహదారి అంచుకు చేరుతుంది. సెలవు గడపడానికి పోయే కుటుంబాలు కార్లలోనుండి చూస్తారు. ఒక్క కారూ ఆగదు. ఆమె చనిపోయిన తరువాత కూడ పిల్లల హత్యలు ఆగవు. అసలు హంతకుడు ఊరందరూ నమ్మిన యువ మతాచార్యుడు. పిల్లలు పెరిగి పాపం చేయకముందే పరలోకానికి పంపుతున్నాననుకొన్నవాడు.

చిల్లంగి పెట్టినారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు ఉత్తరాంధ్ర పత్రికలలో ఇప్పటికీ అప్పుడప్పుడు కనబడుతూనే ఉన్నవి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. మంత్రగత్తెలనే నెపంతో జరిగే హింసను అరికట్టడానికి ఆ రాష్ట్రం 2013లో ప్రత్యేకంగా చట్టమే చేసికొనవలసి వచ్చినది. ఇటువంటి చోట భయానకచిత్రం కేవలం వినోదం కాజాలదు. 2023లో తెలుగువారు విరగబడి చూచిన 'విరూపాక్ష'లో రుద్రవనమనే పల్లెలో 1979లో క్షుద్రపూజలు చేసినారని దంపతులను జనం సజీవదహనం చేస్తారు. పన్నెండేండ్లకు ఊరిలో మళ్ళీ చావులు మొదలవుతవి. ఆ దహనదృశ్యం తీసిన తీరు ప్రశంసనీయం, గుండె దడదడలాడుతుంది. ఫుల్చి నిలిచినచోటనే ఈ చిత్రమూ నిలిచినది. కాని చివరకు క్షుద్రశక్తి నిజమేనని కథ తేల్చటంతో, ఆనాడు నిప్పంటించిన గుంపు అనుమానానికి కథే సాక్ష్యం పలికినది. గొలుసు పట్టినవాడు ఈ చిత్రం చూచి ఇంటికి పోతే నిశ్చింతగా నిద్రపోగలడు. ఫుల్చి చిత్రం చూచి పోతే నిద్రపట్టదు. శిల్పం మాట ఎట్లున్నా, రెండు చిత్రాలకూ నడుమ అంతరం ఇక్కడ ఉన్నది. దయ్యాలను చూపరాదని కాదు దీని భావం. బావా మెలిస్సాను చూపించలేదా? ఆ పిల్ల దయ్యమే, సందేహం లేదు. కాని గుర్రాల కాళ్ళక్రింద పడిన ఆ పిల్ల గంట మ్రోగించి పిలిచినా తప్పత్రాగిన ఊరు సాయానికి పోలేదు. దయ్యం నిజమైనా నేరం ఊరిదే.

హంతకుని పేరు తొందరగా చెప్పి పడుకోవాలన్న ఆరాటం మనిషికి సహజం. ఉద్దానంలో ఈ ఆరాటానికి దశాబ్దాలుగా పరీక్ష జరుగుతున్నది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో తోటపని చేసికొనే ఆరోగ్యవంతులకు మూత్రపిండాలు క్రమంగా పనిచేయటం మానివేస్తున్నవి. మధుమేహం లేనివారికి కూడ వస్తున్నది. నీరు, నేల, పురుగుమందులు, ఎండలో శ్రమ, వంశలక్షణం – అనుమానితుల జాబితా డిటెక్టివు నవలలో కంటె పెద్దది. శ్రీలంకలోను, మధ్య అమెరికా చెరకుతోటలలోను ఇటువంటి జబ్బే ఉన్నది. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనకేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. ఇదీ కారణమని అందరూ అంగీకరించే మాట ఇంకా వెలువడలేదు. ఇంటికి ఒక రోగి ఉన్న ఊరిలో, ఎవరో చేసినారు, ఏదో పెట్టినారు అన్న మాట ఎంత సులువుగా పుడుతుందో, ఆ మాట పుట్టిన తరువాత ఏ ముసలమ్మ గుమ్మం ముందు గుంపు చేరుతుందో ఊహించడానికి సినిమా అక్కరలేదు. వైద్యులు చేస్తున్నది మార్క్ చేసిన పనియే: నడవలోకి తిరిగి పోయి, చూచినదానినే మళ్ళీ చూడటం. వారికి చివరి రీలు ఇంకా చేతికి రాలేదు.

2020లో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' ఈ ప్రాంతపు పలుకుబడిని, కులపు కక్షలను తెరకెక్కించి, ఇక్కడి నేలకు సినిమా కొత్త కాదని ఋజువు చేసినది. ఈ జీడితోటల చీకటిని, ఈ భయాన్ని తెరకెక్కించేవాడు ఇంకా రావలసి ఉన్నది. వచ్చేవాడు దయ్యాలకోసం వెదకికొనే ముందు 'ప్రొఫోండో రోస్సో'ను రెండు మారులు చూడటం మంచిది. ఈ రోజులలో అందుకు రోము పోనక్కరలేదు, విశాఖపట్నమైనా పోనక్కరలేదు. సుమ్మాదేవి ప్లాట్‌ఫారంమీద బండికోసం కూర్చొన్న కుర్రవాడి చేతిలోని ఫోనులోకే అది వస్తున్నది. మొదటిసారి కథకోసం చూడవచ్చు. రెండవసారి, మార్క్ మేడమెట్లు ఎక్కి నడవలోకి అడుగు పెట్టగానే, వ్రేలితో తాకి బొమ్మను ఆపాలి. కుడిఎడమల పాలిపోయిన ముఖాల చిత్తరువులు. వాటి నడుమ ఒకటి గీసినది కాదు. కన్నులు తెరచి, కదలకుండా, ఇటే చూస్తూ ఉంటుంది. చిత్రం ముగిసేటప్పుడు కూడ అర్జెంటో ఒక అద్దాన్నే చూపించినాడు: నేలమీద మడుగుకట్టిన నెత్తురు, అందులోకి వంగి చూస్తున్న మార్క్ ముఖం. పేర్లన్నీ ఆ ముఖంమీదుగానే జరిగిపోతవి.